పొద్దు ఇంకా పిక్క మీదే ఉంది

రవ్‌గుత్, వఖాన్ లోయ
మార్చి 5, 2004

మరదలు జిపార్‌కి,

నీ ముఖం నేను చూడలేదు, నా ముఖం నువ్వు చూడలేదు. అయినా చిన్నప్పుడు నీ మొగుడి చెవి మెలిపెట్టిన చేత్తోనే ఈ ఉత్తరం రాస్తున్నాను కాబట్టి నన్ను పరాయిదాన్ని అనుకోకు. నేను సవ్సన్‌ని, మీ ఆయన ఆదిల్‌షోకి ఒక్కగానొక్క అక్కని. వాడికి రాయకుండా నీకెందుకు రాస్తున్నానంటావా? వాడికి రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. "అందరం బాగున్నాం, మంచు బాగా పడింది" అని జవాబు. మంచు సంగతి రాసినందుకు వాతావరణ కేంద్రం వాళ్ళు జీతమిస్తున్నారు, సరే. అక్కకి కూడా అదేనా!

మా నాన్న సంగతి వాడు నీకు సగం చెప్పే ఉంటాడు. తక్కిన సగం నేను చెబుతాను. ఒక్క శీతాకాలం పని చేసి వస్తానని పైన కొండల్లో ఉన్న ముర్గాబ్ వెళ్ళిన కొడుకు అక్కడే పెళ్ళి చేసుకున్నాడని ఆయనకి కోపం లేదు. ఆ మాట జీపు డ్రైవరు మమత్ నోట, బజారులో, పదిమందిలో వినాల్సి వచ్చిందని కోపం. ఆ రోజు నుంచి వాడి పేరెత్తడు. తప్పనిసరైతే "ఆ పైనున్నవాడు" అంటాడు. మొదట్లో ఊళ్ళోవాళ్ళు ముసలాయనకి భక్తి ముదిరిందనుకున్నారు.

ఇక అసలు సంగతి. మొన్న పొయ్యి దగ్గర కూర్చుని, నాతో కాదు, పిల్లితో చెబుతున్నట్టు అన్నాడు: "పొద్దు మోకాలికి ఎక్కిన రోజున అరక కడతాను. ఎద్దుల ముందు నడిచేవాడెవడైనా ఉంటే రావచ్చు. మొదటి గుప్పెడు గింజలు ఈసారి కోడలు చల్లితే బాగుండు. మీ అమ్మ పోయాక కూతురు చల్లుతోంది. కూతురు చల్లిన గింజ పక్కింటికి పోతుంది." అని నా వంక చూశాడు. నేనుండేది రెండిళ్ళ అవతలే, నాకు అర్థమైందిలే.

జిపార్, మా నాన్న నోట ఇంతకంటే పెద్ద పిలుపు రాదు. ఈసారి మీరు రాకపోతే మళ్ళీ పిలవడు. ఆయన మొండితనం నాకు తెలుసు. ఈ ఏడు మోకాలి రోజు ఏప్రిల్ మొదటి ఆదివారం అవుతుందని ఇప్పటికే లెక్క కట్టాడు. ముందురోజు మమత్ జీపులో దిగండి. ఆదివారం మధ్యాహ్నానికి పొలంలో ఉండాలి.

ఇంకోటి. నీ చేతులు పెద్దవా చిన్నవా అని అడిగాడు. ఎందుకని అడిగితే నన్ను కసిరాడు.

నీ కోసం ఎదురుచూసే వదిన,
సవ్సన్


ముర్గాబ్
మార్చి 10

వదినగారికి జిపార్ నమస్కారాలు.

మీ ఉత్తరం మమత్ నా రొట్టెల కొట్టు దగ్గరే ఇచ్చాడు. నా చేతుల నిండా పిండి. అతనే విప్పి పట్టుకున్నాడు, నేను చదివాను. అంటే అతనూ చదివాడు. బజారు సంగతి దగ్గరికి వచ్చేసరికి మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

మీ తమ్ముడు రెండుసార్లు చదివి, బయటికి వెళ్ళి, వారానికి సరిపడా పిడకలు విరిచి పేర్చాడు. లోపలికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అన్నాడు. బయట పొగేమిటి వదినా! వస్తాం. రెక్కలు కట్టుకునైనా వస్తాం.

పొద్దు మోకాలికి ఎక్కడమేమిటని అడిగితే తన కాలే చాపి చూపించాడు. చలికాలమంతా పొద్దు మనిషి బయట ఉంటుందట. వసంతం రాగానే కాలి గోటిలోకి వస్తుందట. అక్కడ మూడు రోజులు, పాదం మీద మూడు, చీలమండ మీద మూడు, తర్వాత పిక్క, మోకాలు, తొడ, అలా నెత్తి దాకా ఎక్కి మళ్ళీ దిగుతుందట. నేను పకపకా నవ్వాను. "నవ్వకు. ఇంటి వెనకున్న చిల్లు రాయిలోంచి చూసి మా నాన్న చెప్పేదాకా ఊళ్ళో ఎవరూ నేలలో నాగలి దించరు. యాభై ఏళ్ళలో ఒక్క రోజు తప్పలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మీ తమ్ముడి ముఖం మీరు చూడాల్సింది.

మామగారి పేరు నేను రాయలేదని ఏమీ అనుకోకండి. మాలో కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. సీటు కోసం వెళితే "ఎవరింటికి?" అని మమత్ కావాలనే నాలుగుసార్లు అడిగాడు. నేను ఆకాశం కేసి, నా మోకాలి కేసి చూపించాను. బజారంతా నవ్వింది.

మధ్యాహ్నానికి ఉండాలన్నారు. ఏ టైము ప్రకారం? మా ఊళ్ళో టైములు రెండు. రాజధాని టైము ఒకటి, మాది ఒకటి. మాది గంట ముందు. ఆఫీసులు, మీ తమ్ముడి వాతావరణ కేంద్రం రాజధాని టైము మీద నడుస్తాయి. బజారు, పెళ్ళిళ్ళు, జీపులు, మా అమ్మ మా టైము మీద నడుస్తారు. ఇంట్లో తలుపు వైపు గోడకి మీ తమ్ముడి గడియారం, పొయ్యి వైపు గోడకి నా గడియారం. పని చెబితే తన గడియారం చూపించి "ఇంకా గంట ఉంది" అంటాడు. తిండి వేళకి నా గడియారం చూపించి "అప్పుడే ఆలస్యమైంది" అంటాడు.

చేతుల సంగతి దాచను. పెద్దవే. రొట్టెలు చేసే చేతులు కదా. కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీత గీసి పంపుతున్నాను. మామగారికి చూపించండి. నచ్చకపోతే మెల్లగా చెప్పండి.

మీ మరదలు,
జిపార్


రవ్‌గుత్
మార్చి 14

జిపార్‌కి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. అన్నీ బాగానే రాశావు గానీ, మామగారు రెండేళ్ళ తర్వాత నోరు విప్పి పిలిస్తే "ఏ టైము ప్రకారం" అని అడుగుతావా? ఇదేమన్నా బేరమా? ఒక గంట అటూ ఇటూ జరిపి తప్పించుకుందామనా? వినమ్మా. ఈ ఇంటి కోడలివి కాబట్టి ఈ ఇంటి టైమే నీ టైము. రెండు గడియారాల మీద కాపురం చేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

మాకు లేవనుకున్నావా టైములు? మా ఎదురుగా నది, నది అవతల అఫ్గాన్ ఊరు. వాళ్ళ గడియారం మాకంటే అరగంట వెనక. వాళ్ళ కోళ్ళు మాత్రం మా కోళ్ళతో పాటే కూస్తాయి. మా నాన్నయితే గడియారం ముట్టుకోడు. "ఒకప్పుడు మాస్కో వాళ్ళు చెప్పారు, ఇప్పుడు ఇంకెవరో చెబుతున్నారు, పొద్దు మాత్రం ఆ కనుమలోంచే వస్తోంది" అంటాడు.

నువ్వు గీసిన చెయ్యి చూపించాను. తన అరచెయ్యి దాని మీద పెట్టి చూసుకున్నాడు. "పెద్ద చెయ్యే" అని, కాగితం మడిచి టోపీలో పెట్టుకున్నాడు. మెచ్చుకున్నాడో లేదో నాకు తెలియదు. టోపీ మాత్రం అప్పట్నుంచి తియ్యడం లేదు.

సవ్సన్


ముర్గాబ్
మార్చి 18

వదినా,

బేరం కాదు, ఒట్టు. ఆలస్యమవుతుందేమోనన్న భయం కొద్దీ అడిగాను. మీ తమ్ముడి మీద ఒట్టేయమంటే వేస్తాను, ఆయన గట్టివాడు, తట్టుకుంటాడు.

మీరు తిట్టింది నేను తలకెక్కించుకున్నాను. మీ ఇంటి టైమే నా టైము. ఈ సంగతి మీ తమ్ముడికి చెప్పలేదు. చెబితే మురిసిపోయి నా నెత్తినెక్కుతాడు.

శనివారం ఏప్రిల్ 3 పొద్దున ఆరింటికి జీపు. రెండు సీట్లు చెప్పేశాం. మా అమ్మ జడలబర్రె వెన్న ఒక తిత్తి నిండా ఇచ్చింది. మీ లోయలో చెట్లుంటాయట కదా, చెట్టు కింద కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. ఇక్కడ గొర్రె వెనక తప్ప నీడ దొరకదు.

వచ్చేస్తున్నాం!

జిపార్


రవ్‌గుత్
ఏప్రిల్ 4, ఆదివారం

జిపార్,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, మమత్ తిరిగి వెళ్ళేటప్పుడు ఇస్తాను.

నిన్న జీపు ఆగింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. మమత్ ఒక్కడే దిగాడు. "వాళ్ళేరి?" అంటే, "వస్తామన్నారక్కా. హారన్ కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టింది. ఒక్కరూ రాలేదు" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మా నాన్న గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు జిపార్. ఆ చొక్కా నేను పండక్కి తెస్తే కూడా వేసుకోలేదు.

ఈ రోజు ఊరంతా పొలంలో చేరింది. ఎద్దుల కొమ్ములకి పిండి రాశాం, జావ కాచాం. పొద్దు కనుమలోకి వచ్చింది. ఆయన చిల్లు రాయి దగ్గర వంగి చాలాసేపు చూసి, లేచి, "ఇంకా రాలేదు. పొద్దు ఇంకా పిక్క మీదే ఉంది" అన్నాడు. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ముసలి ఖుష్‌కదమ్ ఊరుకోలేదు. "పిక్క నిన్నటితో అయిపోయింది కదయ్యా! వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను" అన్నాడు. "నువ్వు వేళ్ళు చూశావు, నేను పొద్దును చూశాను" అని మా నాన్న ఎద్దుల కాడి విప్పేశాడు. జావ చల్లారిపోయింది.

మీ వల్ల మా నాన్నకి మతి పోయింది. మా ఎండాకాలం బెత్తెడు. విత్తనం వెనకబడితే పంట కోతకి రాకముందే మంచు కొడుతుంది. రేపు కూడా ఆయన ఇదే మాటంటే ఊరు ఆయన్ని వదిలేసి తన దారి తాను చూసుకుంటుంది. యాభై ఏళ్ళ పరువు! రానని ముందే రాస్తే నీ సొమ్మేం పోయింది? పిలిపించింది నేను. నా తల కొట్టేసినట్టుంది.

సవ్సన్


ముర్గాబ్
ఏప్రిల్ 7

వదినా, వదినా, వదినా,

తిట్టండి, కానీ ముందు ఇది చదవండి. పశువుల డాక్టరు టీకాల పెట్టెతో మోటారు సైకిలు మీద మీ వైపు వస్తున్నాడు. మనిషికి చోటు లేదు గానీ ఉత్తరానికి ఉందన్నాడు.

మేము రాకపోవడం కాదు. జీపు తప్పింది. ఎలాగో చెబితే మీరు నన్ను కొట్టినా కొడతారు.

మీ ఇంటి టైమే నా టైమన్నారు కదా. శుక్రవారం సాయంత్రం మూటలు కట్టాక, అత్తవారింటికి వాళ్ళ టైము పెట్టుకునే బయలుదేరదామని పొయ్యి వైపు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పాను. జీపు సంగతి నాకు బెంగ లేదు. లేపేది మీ తమ్ముడు. ఆయన ఎప్పుడూ తన గడియారమే చూసి, గంట కలుపుకుని లెక్క వేసుకుంటాడు.

ఆయనేం చేశాడో తెలుసా? జీపు మా వాళ్ళ టైముది, కలిపే లెక్క తప్పితే కొంప మునుగుతుంది, ఈ ఒక్కరోజు జిపార్ గడియారాన్నే నమ్ముదాం అనుకున్నాడు. పొరపాటున కూడా చూడకుండా తన గడియారాన్ని గోడ వైపు తిప్పేసి పడుకున్నాడు. నాకు చెప్పలేదు. చెబితే నేను నెత్తినెక్కుతానని.

అరగంట ముందే వచ్చామని మురిసిపోతూ బజారుకి వెళ్ళాం. చూస్తే పక్క కొట్టు బెర్మెత్ అప్పటికే సగం రొట్టెలు అమ్మేసింది. "ఇంత పెందలాడే తెరిచావేంటే?" అన్నాను. "పెందలాడేంటి, మమత్ నీ పేరు పెట్టి అరిచి అరిచి వెళ్ళి అరగంటైంది" అంది. నేను వెన్నతిత్తి మీద కూలబడి ఏడ్చాను. మీ తమ్ముడు నడిచి వెళ్దామన్నాడు. రెండు కనుమలు, మోకాలి లోతు మంచు! కోటు పట్టుకుని లాగితే ఆగాడు. ఆ తర్వాత ఎవరు ఏ గడియారం ఎందుకు తిప్పారో చెప్పుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాం.

వచ్చే శనివారం జీపులో వస్తాం. విత్తనాలు అయిపోయినా సరే, మామగారు ముఖం తిప్పుకున్నా సరే, వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాం. ఆయనకి మతి పోయిందని రాశారే, అది చదివినప్పటి నుంచి మీ తమ్ముడు ముద్ద మింగడం లేదు. ఆయనకి ఎలా ఉంది?

జిపార్


రవ్‌గుత్
ఏప్రిల్ 8

ఓసి పిచ్చిదానా,

మీ ఊరు తిరిగి వెళ్తూ డాక్టరు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

నీ ఉత్తరం మా నాన్నకి చదివి వినిపించాను. "ఎవరి గడియారం ఎవరు నమ్మారన్నావ్? ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారికి ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. నేను భయపడ్డాను. చూద్దును కదా, నవ్వుతున్నాడు! తర్వాత తీరిగ్గా, "శనివారం జీపన్నమాట. అయితే పొద్దు ఆదివారం దాకా పిక్క మీదే ఉంటుంది" అన్నాడు.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. మతి పోలేదు, ఏమీ పోలేదు. జీపులోంచి మమత్ ఒక్కడే దిగినప్పటి నుంచీ ఆయన పొద్దును మీ కోసం పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులు ఓపిక పట్టి, ఈ రోజు ఖుష్‌కదమ్ నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని తగువుకి వచ్చాడు. మీ అన్నయ్య, అదే మా ఆయన, దారిలోనే వాళ్ళకి మీ గడియారాల కథంతా చెప్పేశాడు. ఆయన నోట్లో ఏదీ దాగదు కదా. ఖుష్‌కదమ్ చిల్లు రాయి దగ్గర వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. మా నాన్న ఊపిరి బిగపట్టాడు. "అవునయ్యోయ్, పిక్క మీదే ఉంది. నా వేళ్ళు ముసలివైపోయాయి, లెక్క తప్పాను" అన్నాడు ఖుష్‌కదమ్. తక్కిన నలుగురూ వంగి చూసి "పిక్కే, పిక్కే" అన్నారు. ఇప్పుడు ఊళ్ళో ఎవర్ని అడిగినా పిక్కే. కానీ జిపార్, ఆదివారం దాటితే ఎవరూ ఆగలేరు, ఆగకూడదు కూడా.

కాబట్టి ఈసారి జీపు ఎక్కేదాకా ఒకరి మీద ఒకరు ప్రేమ చూపించుకోకండి. ఎవరి గడియారం వాళ్ళు చూసుకోండి. నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, నీ టైము నీ దగ్గరే ఉంచుకో!

వదిన


ముర్గాబ్
ఏప్రిల్ 21

వదినా,

క్షేమంగా చేరాం. ఇంకా మీ లోయలోనే ఉన్నట్టుంది. మీ నేరేడురంగు శాలువా నా మూటలో వచ్చేసింది, అది దొంగతనం కాదు, మీ కూతురు కుక్కింది. పూసిన చెట్టు కింద కూర్చుంటే నెత్తిన పూలు రాలతాయని ఎవరూ చెప్పలేదేం? మా అమ్మ నమ్మడం లేదు. పొద్దు లెక్క కూడా చెప్పాను. "ఈ రోజు నా ఏ కీలులో ఉందో అడగక్కర్లేదు, నొప్పే చెబుతోంది" అంది.

మీరు తందూరు దగ్గర ఉండగా జరిగింది మీకు చెప్పాలి. మేము జీపు దిగేసరికి మామగారు మాకు వీపు పెట్టి దూడకి నీళ్ళు పెడుతున్నారు. తిరగలేదు. "జీపు ఆలస్యమైందా?" అన్నారు. "వారం ఆలస్యమైంది నాన్నా" అన్నాడు మీ తమ్ముడు. "అలాగా. నేను చూసుకోలేదు" అన్నారు. దూడ ఎప్పుడో తాగేసి వెళ్ళిపోయింది వదినా, ఆయన ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు పొలంలో "మోకాలికి వచ్చింది!" అని ఆయన అనడం, ఊరంతా "వచ్చింది, వచ్చింది!" అని అరవడం మీరూ చూశారు. ఖుష్‌కదమ్ తాత అందరికంటే గట్టిగా అరిచాడు. కానీ ఆ వెంటనే మామగారు అన్న మాట మీ తమ్ముడు ఇక్కడికి వచ్చాక కూడా రోజూ చెబుతున్నాడు, పొయ్యి రాజేస్తూ, కొలతలు రాస్తూ: "ఆదిల్‌షో, ఎర్రెద్దు కొమ్ము పట్టుకో, అది పక్కకి లాగుతుంది." ఇంతే. పెద్ద మాటేం కాదు. రెండేళ్ళ తర్వాత తన పేరు తండ్రి నోట విన్నాడు. ఎద్దు కొమ్ము పట్టుకుని ఏడుస్తూనే నడిచాడు, నేను చూశాను.

నేను గింజలు చల్లబోతుంటే నా పక్కకి వచ్చి, మెల్లగా, "తల్లీ, ఒక్క గుప్పెడే. ఆ చేత్తో రెండో గుప్పెడు తీస్తే సంచి ఖాళీ" అన్నారు. తల్లీ అన్నారు వదినా.

ఒక్కటి అడగాలని ఉంది. ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు. యాభై ఏళ్ళలో ఒక్క రోజు తప్పని మనిషి మా కోసం అంత అబద్ధం ఎలా ఆడారు? మీరు అడగండి.

మీ జిపార్


రవ్‌గుత్
మే 2

జిపార్‌కి వదిన ముద్దులు.

శాలువా ఉంచుకో, నీకే బాగుంటుంది. చేలు మొలిచాయి. నువ్వు చల్లిన చోట మాత్రం గడ్డివాములా ఒత్తుగా మొలిచింది, మేకలు అక్కడికే పోతున్నాయి. ఎండలు బాగున్నాయి, మంచు భయం లేదంటున్నారు.

పోయిన రోజుల్ని మళ్ళీ పట్టుకోవాలి కదా, అందుకని మా నాన్న తొడను ఎగరగొట్టేసి మోకాలి నుంచి సరాసరి నడుముకి దూకించాడు. "తొడ ఏమైందయ్యా?" అని ఖుష్‌కదమ్ నలుగురిలో అడిగాడు. "ఈ ఏడు మనిషికి తొడ లేదు" అన్నాడు మా నాన్న. అప్పట్నుంచి పిల్లలందరూ తొడలు పట్టుకుని కుంటుతూ ఆడుకుంటున్నారు.

నువ్వు అడగమన్నది నిన్న అడిగాను. "నాన్నా, ప్రభుత్వాలు మారి గడియారాలు తిప్పమంటే తిప్పని మనిషివి. ఒక్క పూట ఎవరికీ వదలని మనిషివి. వాళ్ళ కోసం ఊరందరి ముందూ అంత అబద్ధం ఎలా ఆడావు?" అన్నాను.

నా వంక వింతగా చూశాడు. "ఇదే మొదటిసారి అనుకుంటున్నావా?" అన్నాడు.

"అంటే?"

"పోయినేడు మోకాలి రోజు వారం మధ్యలో పడింది. జీపు వచ్చేది శనివారం కదా. అప్పటిదాకా ఆపాను. అంతకు ముందేడూ ఆపాను. జీపు వచ్చింది, వాడు దిగలేదు. మర్నాడు అరక కట్టేశాను. ఊళ్ళో ఎవరూ కనిపెట్టలేదు. నువ్వూ కనిపెట్టలేదు."

ఆ రెండేళ్ళూ నేను ఆయన్ని రాతిగుండె మనిషని తిట్టుకుంటూ గింజలు చల్లాను జిపార్. ఆయన పక్కనే నిలబడి చల్లాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన విసుక్కున్నాడు. "ఎందుకే ఏడుస్తావు, వచ్చారు కదా" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని, "సరే, వచ్చే వసంతానికి మోకాలి రోజు ఎప్పుడో ఇప్పుడే చెప్పు, వాళ్ళకి రాస్తాను" అన్నాను.

"అది తర్వాత చూద్దాం. ముందు వచ్చే ఏడు ఆ మమత్ జీపు ఏ రోజు నడుపుతాడో కనుక్కో" అన్నాడు.

మీ సవ్సన్